చీల్లేనోడు

నంద్యాల మెకానిక్కుల్లో జీవరత్నం అంటే తెలియని వాళ్లు కూడా చీల్లేనోడు అంటే గుర్తుపట్టేవాళ్లు. ఆ పేరు అతనికి అంటగట్టింది ఓబులేసు.

స్టీరింగు రాడ్డు చివర నట్టు బిగించాక, అది వదులు కాకుండా అడ్డంగా ఒక సన్న పిన్ను దూర్చి దాని కాళ్లు వంచుతారు. ఎద్దుల బండి చక్రం ఇరుసు మీంచి జారిపోకుండా కొట్టే చీల చేసే పనే ఇదీ చేస్తుంది కాబట్టి, మా వైపు దీన్నీ చీల అనే అంటాం. చూడ్డానికి లెక్కలోకి రాని వస్తువు. అది లేకపోతే నట్టు కొంచెం కొంచెంగా తిరిగి ఒకనాడు రాలిపోతుంది. అప్పుడు స్టీరింగు మన చేతిలోనే ఉంటుంది, చక్రాలు మాత్రం వాటి దోవన అవి పోతాయి.

డెబ్బై నాలుగులో సుబ్బయ్య మేస్త్రి షెడ్డులో రిపేరైన ఒక జీపుకు ఇదే జరిగింది. నడిపి చూద్దామని సుబ్బయ్యే ఎక్కాడు. ఊరు దాటి కాలువ గట్టు మీదికి వచ్చేసరికి రాడ్డు ఊడింది. జీపు బోల్తాపడింది, సుబ్బయ్య మోకాలు నుజ్జయింది. పైకి లాగి చూస్తే ఎడమ పక్క చీల పెట్టిన ఆనవాలే లేదు.

ఆ షెడ్డులో ఇద్దరు పనివాళ్లు. ఒకడు జీవరత్నం, ఒకడు సుబ్బయ్య అక్క కొడుకు ఓబులేసు. ఎడమ పక్క పని చేసింది ఓబులేసు. ఎవరు చేశారని నలుగురూ అడిగితే తడుముకోకుండా జీవరత్నాన్ని చూపించి, వాడు చీల్లేనోడు అన్నాడు. జీవరత్నం ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. "చీల్లేనోడు మా బండి ముట్టుకోవద్దు" అని ఓనర్లు మొహం మీదే అన్నారు. ఇంక నంద్యాలలో అతనికి స్పానరు పట్టే చోటు లేకుండా పోయింది.

భార్య లూదియా ఆళ్లగడ్డ మిషను బడిలో టీచరు. ఆ ఊరికే పోయి, నంద్యాల రోడ్డు పక్కన నాలుగు రాతి కూసాలు పాతి, పైన రేకులు కప్పి షెడ్డు పెట్టుకున్నాడు. ఆదివారం చర్చికి పోయేవాడు. అందరితో కలిసి ప్రార్థన చెప్పేవాడు. మాకు చెడు చేసినోళ్లను మేము క్షమించినట్టు మమ్మల్నీ క్షమించు అనే మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు మూసుకునేవాడు. లూదియా మోచేత్తో పొడిచేది.

"దేవునితో అబద్ధం చెప్పమంటావా?" అనేవాడు.

పగ ఉంటే పని వస్తుందని నేను చెప్పను. పగ పట్టి పాడైపోయిన వాళ్లనే ఎక్కువ చూశాను. జీవరత్నం మాత్రం తన పగను స్టీరింగు మీదికి మళ్లించాడు. ఏ పనిలో తన పేరు పోయిందో ఆ పనిలోనే తనకు సాటి లేకుండా చేసుకోవాలని పట్టుపట్టాడు. నేర్పేవాళ్లు లేరు. వచ్చిన ప్రతి బండినీ విప్పి, కలిపి, నడిపి నేర్చుకున్నాడు. తర్వాత రోజుల్లో నాతో అనేవాడు:

"వణుకుతాంది అంటే సరిపోదప్పా. ఎప్పుడు వణుకుతాంది? బ్రేకు తొక్కితేనే వణికితే డ్రమ్ము చూడు. నిదానంగా పోయినా పక్కలకు ఊగితే రిమ్ము వంగిందేమో, టైరు ఉబ్బిందేమో చూడు. గుంతలో పడి లేచినాక కొట్టుకుంటే కింగు పిన్ను వదులై ఆడతాంది. ఒక స్పీడులో మొదులై, దాన్ని దాటితే తగ్గితే, చక్రం ఒక పక్క బరువున్నట్టు. ముందు అడగాల, తర్వాత నడపాల. స్పానరు చివరాకర్న."

ఈలోపు మోకాలు పోయిన సుబ్బయ్య ఇంటికే పరిమితమయ్యాడు, షెడ్డు ఓబులేసు చేతికి వచ్చింది. అప్పటికి నేను ఆ షెడ్డు పక్కనే వెల్డింగు షాపు పెట్టాను. ఓబులేసు కుర్చీలోంచి లేవగా నేను చూసింది తక్కువ. బండి మాట వినకుండానే రోగం పేరు చెప్పేవాడు. నోటి బలంతోనే షెడ్డు నడిచింది, బాగానే నడిచింది.

ఎనభై అయిదు వానలప్పుడు అవుకు దారిలో భూములున్న రామలక్ష్మమ్మ అంబాసిడరు కారు వణకడం మొదలుపెట్టింది. ఓబులేసు రాడ్డు ఎండ్లు మార్పించాడు. వణుకు పోలేదు. కింగు పిన్నులు మార్పించాడు. పోలేదు. చివరికి స్టీరింగు బాక్సే మార్పించాడు. అయినా అదే వణుకు. రామలక్ష్మమ్మ కారు దిగి, తాళంచెవి అతని ముందర పడేసి అంది:

"ఓబులేసూ, సాయంత్రం వస్తా. అప్పుడూ వణికిందంటే ఈ కారే కాదు, మా ట్రాక్టర్లు, మా లారీ, మా వియ్యంకులోళ్ల బండ్లు, ఏవీ నీ షెడ్డు తొక్కవు."

ఆ బండ్లు పోతే షెడ్డులో మిగిలేది కుర్చీ ఒక్కటే. స్టీరింగు రోగాలకు ఆళ్లగడ్డ జీవరత్నమే అని లారీ డ్రైవర్లు అనడం ఓబులేసు చెవిన పడే ఉంది. ఎవరికీ చెప్పకుండా ఆ కారే ఎక్కి ఆళ్లగడ్డకు పోయాడు.

జీవరత్నం ఒక లారీ హబ్బుకు గ్రీసు పెడుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఏం జీవరత్నం, బాగుండావా?"

"ఎవురు?"

"ఎవురేందప్పా, ఓబులేసును."

"బండికి చీలలు పెట్టుకొనే వచ్చినావా? దోవలో కాలువ ఉంది."

ఓబులేసు నవ్వబోయి ఊరుకున్నాడు. వచ్చిన పని చెప్పాడు. జీవరత్నం చేతులు తుడుచుకొని పక్క సీట్లో కూర్చున్నాడు.

"నడుపు."

అరవై దాటగానే స్టీరింగు ఓబులేసు చేతుల్లో గడగడ వణికింది. ఎనభై దాటితే సర్దుకుంది. "బ్రేకు తొక్కు" అన్నాడు జీవరత్నం. తేడా లేదు. "చేతులు వదులు." కారు ఏ పక్కకీ లాగలేదు. షెడ్డుకు వచ్చాక ముందు చక్రాల దగ్గర గొంతుకూర్చున్నాడు. కుడి చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమాడు. ఎడమ చక్రం వెనక్కి పోనిచ్చాడు. చెయ్యి అక్కడ ఆగింది. కాసేపటికి బయటికి తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"దొరికిందా?"

"దొరికింది."

"ఏందది?"

"చెప్పను."

"దుడ్లు ఎంతైనా ఇస్తాలే."

"నీ దుడ్లు నీ జోబులోనే ఉండనీ. జీపు ఎడమ పక్క పని చేసింది ఎవురో మీ మామ ముందర చెప్పు. అప్పుడు నయం చేస్తా."

"ఎప్పుడో జరిగిపోయింది గదప్పా."

"నాకు ఈ పొద్దు జరిగింది."

"నీకు నిజంగా దొరికిందని నమ్మకమేంది?"

"నమ్మకం లేకుంటే రోడ్డు ఆడుంది. పో. ఇంగో స్టీరింగు బాక్సు మార్చాలని రామలక్ష్మమ్మకు చెప్పుకో."

ఓబులేసు కారు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. తర్వాత తాళంచెవి జీవరత్నం చేతిలో పెట్టాడు.

నంద్యాలలో సుబ్బయ్య ఇంటి అరుగు మీద కాలు చాపుకొని కూర్చున్నాడు. ఓబులేసు నేల చూస్తూ చెప్పాడు. "మామా, ఆ పొద్దు చీల మరిచింది నేనే."

సుబ్బయ్య ఉలిక్కిపడలేదు. "నాకు తెలుసు లేరా" అన్నాడు.

జీవరత్నం అరుగు దగ్గరికి జరిగాడు. "ఎప్పట్నుంచి తెలుసు మేస్త్రీ?"

"జీపు కాడే తెలుసు. ఎవురు యాడ పనిచేస్తాండారో నాకు తెల్దా? అక్క కొడుకప్పా. వీన్ని బయటికి తోస్తే అడుక్కతింటాడు. నీకు పనొచ్చు, యాడైనా బతుకుతావనుకుంటి."

అన్నేళ్లూ ఒక్కడి మీద పెట్టుకున్న పగ ఆ అరుగు దగ్గర ఇద్దరి మీదికీ వచ్చింది.

"ఇంట్లో చెప్తే చాలదు" అన్నాడు జీవరత్నం. "నా పేరు పోయింది షెడ్డు కాడ. ఆడికి రా. కారు తెచ్చినాలే, ఎక్కు."

వాళ్లు వచ్చేసరికి రామలక్ష్మమ్మ షెడ్డు ముందర నిలబడి ఉంది. చుట్టుపక్కల షెడ్ల వాళ్లం పనులాపి పోగయ్యాం. ఆమెను చూసి ఓబులేసు వెనకడుగు వేశాడు. సుబ్బయ్యే కర్ర మీద ఆనుకొని గట్టిగా చెప్పాడు: "ఆ చీల మరిచింది మా ఓబులేసు. తెలిసి నోరు మూసుకున్నది నేను. జీవరత్నానికి ఏ పాపం తెల్దు."

జీవరత్నం జాకీ ఎత్తాడు. ఎడమ చక్రాన్ని చేత్తో తిప్పి వదిలాడు. తిరిగి తిరిగి ఆగింది. ఆగిన చోట, కింది వైపు సుద్దముక్కతో గీత పెట్టాడు. మళ్లీ తిప్పాడు. గీత మళ్లీ కిందికే వచ్చి ఆగింది. చక్రం ఊడదీసి, అందరికీ కనబడేలా వెనక వైపు పైకి తిప్పి నేల మీద పడేశాడు.

రిమ్ము లోపల ఒక పక్కగా నల్లరేగడి గట్టిపడి రాయిలా అతుక్కొని ఉంది. వానల్లో చేలగట్టున తిరిగినప్పుడు పట్టిన బురద. ఓబులేసు మనుషులు ఎన్నిసార్లు చక్రం ఊడదీసినా ముఖం బయటికి పెట్టి గోడకు ఆనించారు, ముఖమే కడిగారు. వీపు తిప్పి చూసిన వాడు లేడు.

జీవరత్నం స్క్రూడ్రైవరు తీసి ఓబులేసు చేతికిచ్చాడు. "గీకు."

ఓబులేసు గొంతుకూర్చొని గీకాడు. పెళ్లలు పెళ్లలుగా రాలింది.

"ఇంతేనా?" అన్నాడు, తనలో తానే.

"ఇంతే. నేను దీన్నే ఆళ్లగడ్డలో రాల్చి పంపించుంటే నీ మర్యాద నీకు మిగిలేది. అందుకే రాల్చలేదు."

"మట్టికా నాయనా, నువ్వు నా కారుకు స్టీరింగు బాక్సు మార్చింది?" అంది రామలక్ష్మమ్మ. నవ్వు ఒకచోట మొదలై షెడ్డంతా పాకింది. ఓబులేసు తల ఎత్తకుండా గీకుతూనే ఉన్నాడు, రాల్చడానికి ఇంకేమీ లేకపోయినా.

జీవరత్నం చక్రం ఎక్కించి, నట్లు ఎదురెదురుగా బిగించాడు. రామలక్ష్మమ్మను ఎక్కించుకొని రోడ్డు మీదికి తీసుకుపోయి వచ్చాడు. దిగుతూ ఆమె ఓబులేసు వైపు చూడనైనా చూడలేదు. "రేపు మా లారీ ఆళ్లగడ్డకు వస్తాది" అంది జీవరత్నంతో.

సుబ్బయ్య దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "మాఫ్ చెయ్యి రత్నం. పెద్దోన్ని అడుగుతాండా."

జీవరత్నం చెయ్యి విడిపించుకున్నాడు. "మాఫీ నీకెందుకు మేస్త్రీ? అది లేకుండా గూడా యాడైనా బతుకుతావులే."

కొళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కొని ఆళ్లగడ్డ బస్సుకు నడిచిపోయాడు. తర్వాత సుబ్బయ్య ఒకటి రెండుసార్లు మనిషిని పంపించాడు, ఒకసారి వచ్చి పొమ్మని. పనుందని చెప్పమన్నాడు జీవరత్నం. అబద్ధం కాదు, ఆళ్లగడ్డలో అతని షెడ్డు ముందర నంద్యాల బండ్లు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి.