ఇరవై ఐదు గీతలు

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడాది, రోజూ సాయంత్రం నాకు జ్వరం వచ్చేది. వచ్చేదని నేను అనుకునేవాణ్ణి. అమ్మను తీసుకుపోయింది జ్వరమే. అదీ సాయంత్రం పూటే మొదలైంది. బడి నుంచి బోయిగూడలోని మా ఇంటికి రాగానే నుదుటి మీద చెయ్యి వేసుకుని చూసుకునేవాణ్ణి. ఏమీ తెలిసేది కాదు. తెలియకపోవడంతోనే భయం ఇంకా పెరిగేది. నాన్నతో చెప్పలేదు. ఆయన అప్పటికే చిక్కి సగమయ్యారు.

పక్కింటి అక్క నర్సు పని నేర్చుకుంటుండేది. ఒకరోజు గుమ్మంలో కూర్చుని నేను నుదురు తడుముకుంటుంటే చూసింది.

"నీ చెయ్యెంత వేడో నీ నుదురు గంతే వేడి. నీకెట్ల తెలుస్తదిరా?"

లోపలికి తీసుకెళ్లి నాలుక కింద థర్మామీటరు పెట్టింది. పాదరసం తొంభై ఎనిమిది పాయింట్ ఆరు దగ్గరుండే ఎర్ర బాణాన్ని దాటి తొంభై తొమ్మిది దగ్గర ఆగింది. నాకు ఏడుపు ఆగలేదు. "నేను కూడా పోతానా అక్కా?" అన్నాను.

ఆమె దాన్ని కడిగి, విదిలించి, తన నోట్లో పెట్టుకుంది. నాకంటే ఒక గీత ఎక్కువే వచ్చింది.

"గట్లయితే ముందుగాల నేనే పోవాలె. రేపు డ్యూటీ సుత ఉన్నది నాకు!" అని నా కళ్లు తుడిచింది. "బాణం దాటంగనే జ్వరం కాదురా. పొద్దుగూకంగ అందరికీ జెర పెరుగుతది. నోట్ల పెట్టి చూస్తే నూరు దాటి ఇంక రెండు గీతలెక్కాలె. గప్పుడు జ్వరమంటరు."

గీతకు రెండు పాయింట్లు. అంటే నూరు పాయింట్ నాలుగు. లెక్క కుదిరాక అడిగాను, "అమ్మకు ఎంత ఉండె?"

అక్క నవ్వు ఆగిపోయింది. చివరి రోజుల్లో అమ్మకు థర్మామీటరు పెట్టి చూసింది ఆమే.

"నూట నాలుగు."

థర్మామీటరును కిటికీ వెలుగులోకి తిప్పి, నా తొంభై తొమ్మిది నుంచి అక్కడి దాకా గీతలు ఎంచాను. ఇరవై ఐదు. తప్పిందేమోనని మళ్లీ ఎంచాను. అక్క తొందరపెట్టలేదు. నా భయం ఆ సాయంత్రమే పోయింది. అది పోయాక మిగిలినదానికి మాత్రం ఆ గాజు గొట్టం మీద గీత లేదు.

ఇప్పుడు నాకు అమ్మ వయసు దాటి చాలా ఏళ్లయింది. ఒంట్లో నలతగా ఉంటే థర్మామీటరే పెట్టుకుంటాను, అంకెనే నమ్ముతాను. చూసుకున్నాక, ఏమీ తెలియదని తెలిసీ, నుదుటి మీద ఒకసారి చెయ్యి వేసుకుంటాను. కొంగుకు తడి తుడుచుకుని అమ్మ చెయ్యి పెట్టిన చోటు అది.