ఓడ మీద నేను నేర్పిన మాట

ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పదకొండేళ్లుగా ఇంగ్లిష్ చెబుతున్నాను. ఎవరూ వాడని మాటలు, వాటి అర్థాలు, వాటిని పలికే తీరు నేర్పడం నా పని. ఎవరైనా ఒక మాట తప్పు పలికితే నాకు పంటి కింద రాయి పడినట్టుంటుంది. ఈ గుణం పుట్టుకతో వచ్చింది కాదు. ఎలమంచిలి దగ్గర పల్లెలో పెరిగి, కాలేజీలో నేను అనబోయి "నాను" అన్నందుకు నవ్వులపాలై, కసి కొద్దీ డిక్షనరీ పట్టుకుని కూర్చుంటే వచ్చింది. నా భార్య నా ముందు ఇంగ్లిష్ మాట అనడం ఎప్పుడో మానేసింది.

నిరుడు పోర్టులో ఓడలకు సరుకు ఎక్కించే ఒక కాంట్రాక్టు కంపెనీ మేనేజరు నా దగ్గరికొచ్చాడు. విదేశీ ఓడల మీద తమ సిగ్నల్‌మేన్లకు ఇంగ్లిష్ రావడం లేదని, నెల రోజులు నేర్పి, చివర ఓడ మీదే పరీక్ష పెట్టమని అడిగాడు. తప్పినవాళ్లను ఏం చేస్తారన్నాను.

"షెడ్డు ఊడ్చే పనికి పంపేస్తాం" అన్నాడు, అదేమంత పెద్ద విషయం కానట్టు.

ఓడ కడుపులో సరుకు దించేటప్పుడు పైన క్రేన్ తోలేవాడికి అడుగు కనబడదు. సిగ్నల్‌మేన్ అంచున నిలబడి, లోపలికి తొంగి చూస్తూ వాకీటాకీలో చెబుతాడు. ఆ మాట మీదే క్రేన్ కదులుతుంది. దించడానికి ఆరియా, ఎత్తడానికి హాపీస్, ఆపడానికి బస్. తరాలుగా ఆ మూడు మాటలతోనే వాళ్ల పని నడుస్తోంది.

మొదటి రోజే నేను ఆ మూడింటినీ బోర్డు మీద రాసి కొట్టేశాను. లోయర్, హాయిస్ట్, స్టాప్ అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుంటే నేనెందుకవుతాను? రేవు గట్టును క్వే అనకూడదు, కీ అనాలన్నాను. బోట్‌స్వెయిన్ అని రాసి ఉన్నా బోసన్ అనాలన్నాను. పడవ అంచును గన్‌వేల్ అని రాస్తారు, గనల్ అంటారన్నాను. వాళ్లు ముక్కున వేలేసుకున్నారు. నాకు అది బాగుంది. ఆ ఊపులో స్టాప్ కొట్టేసి అవాస్ట్ అని రాశాను. ఆపమని చెప్పే ఓడవాళ్ల పాత మాట అది. ఇప్పుడు ఏ ఓడ మీదా ఎవరూ అనరని నాకు తెలుసు. పలకడానికి దర్జాగా ఉంటుందని పెట్టాను. ఈ సంగతి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

అందరిలో పెద్దాయన జాలరి కుటుంబంవాడు. వయసులో ఉండగానే వేట మాని పోర్టులో చేరాడు. నోటుబుక్కులో నా మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకునేవాడు. ఆయనకు అన్నీ వచ్చాయి, అవాస్ట్ తప్ప. చివర "టు" అనేసేవాడు. మన నోటికి అచ్చు లేనిదే మాట ఆగదు కదా. నా క్లాసు పద్ధతి ప్రకారం తప్పు పలికినవాడు లేచి నిలబడి పదిసార్లు అనాలి. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడిని రోజూ నిలబెట్టాను. మిగతావాళ్లు నవ్వేవారు, ఆ మాటలు విని గుర్తుపట్టడం నేర్చుకోవడానికి వచ్చి కూర్చున్న క్రేన్ తోలేవాళ్లు కూడా.

ఒకరోజు క్లాసయ్యాక ఆగి, "మేస్టారూ, నాకింక మూడేళ్లే సర్వీసు. ఊడ్సే పనికి ఎల్తే మా గేంగులో తలెత్తుకోనేనండి" అన్నాడు.

"అయితే సరిగ్గా పలకండి" అన్నాను. ఇంకేమీ అనలేదు.

పరీక్ష రోజు పొద్దున్నే ఓడెక్కాం. ఉక్కు తీగ చుట్టలు లోపలికి దించుతున్నారు. పెద్దాయన పక్కన నేను ప్యాడ్ పట్టుకుని నిలబడ్డాను. అడుగున ఒక కళాసీ కొక్కేలు విప్పుతున్నాడు. మొదటి అయిదు లోడ్లకూ పెద్దాయన బాగా చెప్పాడు. ఒక్కో మాటకూ నా వైపు ఓరగా చూశాడు. నేను తలూపి టిక్కు పెట్టాను.

ఆరో లోడు సగం దిగింది. అప్పుడు కళాసీ కాలు జారి రెండు చుట్టల మధ్య ఇరుక్కుంది. వంగి కాలు లాక్కుంటున్నాడు. రాలేదు. నెత్తి మీదికి లోడు దిగుతూనే ఉంది. పెద్దాయన వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. నోరు తెరిచాడు. నా వైపు చూశాడు.

మాట రాలేదు.

ఆయన పెదవులు కదలడం నాకు కనిపిస్తోంది. లోడు ఇంకా దిగింది. కళాసీ తలెత్తి చూశాడు.

"ఓలమ్మో, ఆపండ్రోయ్! సచ్చిపోతాడ్రా!"

అరిచింది నేనే. క్రేన్ కేబిన్‌కు అది వినబడదు. పెద్దాయనకు వినబడింది. "బస్! బస్! బస్!" అని ఆయన వాకీటాకీలో అరిచాడు. లోడు కళాసీ నెత్తికి మూరెడు పైన ఆగి ఊగింది. అతను బూటు అక్కడే వదిలేసి, కాలు లాక్కుని పక్కకు పాకాడు.

పెద్దాయన ఇనుప అంచుకు ఆనుకుని కూలబడ్డాడు.

"నాను ఆ మాట మర్సిపోనేదండి, మేస్టారూ" అన్నాడు. "నోట్లోనే ఉంది. సివర టు రాకండా అందామని సూత్తన్నాను. ఈలోగా..."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ముప్పై ఏళ్లు ఒక్క మనిషికి దెబ్బ తగలకుండా చూసిన నోటికి నేను తాళం వేశాను. పైగా ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆ దర్జా మాట నా నోటికీ రాలేదు.

ప్యాడ్ మీద అవాస్ట్ కొట్టేసి బస్ అని రాశాను. ఆయన పేరు ఎదురుగా పూర్తి మార్కులు వేసి ఆయనకు చూపించాను. ఆ మాట నేను పెట్టిందేనని, తప్పంతా నాదని ఆ మధ్యాహ్నమే మేనేజరుకు రాసిచ్చాను. ఎవరినీ షెడ్డుకు పంపలేదు. నన్ను మాత్రం మళ్లీ పిలవలేదు.

అదంతా తర్వాతి సంగతి. ఓడ దిగేటప్పుడు ఆయన నా మార్కులను నమ్మలేదు. జాలిపడి మార్కులు వేశాననుకున్నాడు. నిచ్చెన మెట్ల మీద నన్ను ఆపి, "ఇంకోపాలి ఇనండి బాబూ, ఇప్పుడు అనగల్ను" అన్నాడు. గొంతు సవరించుకుని, చేతులు కట్టుకుని క్లాసులోలాగే నిలబడి ఆ మాట అన్నాడు.

ఒక్క తప్పు లేదు. నేను ఆయన చేతులు విప్పి కిందికి దించాను.