డి డ్రైవ్‌లో దొరికిన చోటు

ఈ రోజు నేను గెలిచాను.

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా ఇంట్లోనే పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. పక్క పేట తాల్‌బగీచాలోని కొత్త పెళ్లికూతురు ఈ సాయంత్రం అత్తారింటికి రైలెక్కేలోపు తన ఆల్బమ్ చూసుకోవాలి. పొద్దున్నుంచీ ఫైలు తెరిస్తే చాలు, మెమరీ చాలదంటూ కంప్యూటర్ బిగుసుకుపోతోంది. కంప్యూటర్లు బాగుచేసే దాదా వచ్చి చూసి, "ఖతం దీదీ, కొత్తది కొనుక్కోండి" అనేసి వెళ్లిపోయాడు.

నాకు మనసొప్పలేదు. సెట్టింగులన్నీ వెతికాను. ర్యామ్ నిండితే వాడుకోవడానికి కంప్యూటర్ డిస్కులో కొంత చోటు పెట్టుకుంటుంది. అదే వర్చువల్ మెమరీ. అది కాస్తా కిక్కిరిసిన సి డ్రైవ్‌లో ఇరుక్కుని ఉంది. రెండో డిస్కు, అంటే డి డ్రైవ్, దాదాపు ఖాళీ! ఆ వర్చువల్ మెమరీని అక్కడికి మార్చి రీస్టార్ట్ చేశాను. ఆల్బమ్ చకచకా తెరుచుకుంది.

రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మా మావయ్యగారు తొంగిచూశారు. "ఏటమ్మా, సచ్చిపోనాదన్నాడు గదా?"

"సావలేదు మావయ్యా, సోటు సాలక ఊపిరాడలేదంతే. పక్క డిస్కులో సోటిచ్చినాను."

"శభాష్! మా షాపులో ఉంటే నిన్ను ఫోర్‌మన్ని సేసేద్దుం."

అయిదింటికి పెళ్లికూతురు వచ్చి, చివరి పేజీ దాకా చూసి, నన్ను గట్టిగా కావలించుకుని స్టేషన్‌కి పరిగెత్తింది.

మా ఇంట్లో నా మాట వినేవాటి సంఖ్య ఇవాళ్టితో ఒకటైంది. మీ ఇంట్లో ఎన్ని?