ఆ పేజీ మార్చిన గంట

ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. విచారణ అయిపోయింది, కాగితాల మీద సంతకాలు అయిపోయాయి, నన్ను గేటు దగ్గరికి మార్చేశారు. ఆ పేజీలో ఏం రాశావు, ఎప్పుడు రాశావు అని నా ఎదుట కూర్చుని అడిగిన మనిషి మాత్రం ఒక్కడూ లేడు. ఈమెయిళ్లు పంపాను. చదివారని తెర మీద కనిపించింది, జవాబు రాలేదు. కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చాను. అందినట్టు ముద్ర వేసి ఇమ్మంటే ముద్ర కనపడలేదన్నారు. అది బల్ల మీదే, నా మోచేతి పక్కనే ఉంది. నేనే చూపించాను. అప్పుడు ఇంకు అయిపోయిందన్నారు.

మాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. సీజనులో తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా నిలబడతాయి. కాయను కడిగి, ఆవిరితో వేడి చేసి, గుజ్జు తీసి డ్రమ్ముల్లో నింపుతారు. మిగతా నెలల్లో జామ, టమాటా. నేను మెయింటెనెన్సు ఆఫీసులో రికార్డులు చూసేవాణ్ని. రికార్డులంటే పేరుకే. కొన్ని రిజిస్టర్లలో, కొన్ని గోడ మీద చాక్‌పీసు రాతలో, ఎక్కువ భాగం ఒక ముసలి ఫిట్టరు బుర్రలో ఉండేవి. ఆయన రిటైరయ్యే ఏడాది మా మేనేజరు ఒక నోట్సు యాప్ తెప్పించాడు. అందులో పట్టికలు కట్టుకోవచ్చు, పేజీలు రాసుకోవచ్చు, పట్టికలోని ఒక వరుసను నొక్కితే దాని పేజీ తెరుచుకునేట్టు, ఆ పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లేట్టు కలుపుకోవచ్చు. దీన్ని ఎవరు కడతారని మీటింగులో అడిగితే అందరూ బల్ల వైపు చూశారు. నేను చెయ్యెత్తాను. ఆ మీటింగు రిపోర్టులో నా పేరు లేదు, 'ఆఫీసు సిబ్బంది' అని రాశారు. దాని నకలు నా దగ్గరుంది.

ఆరు నెలలు ఆ ముసలాయన పక్కన కూర్చున్నాను. ఆయన బోర్లించిన కాయల క్రేటు మీద కూర్చుని చెప్పేవాడు, నేను ఫోనులో రాసుకునేవాణ్ని. ఒక మిషను గురించి చెబుతూ మధ్యలో ఇంకో మిషను దగ్గరికి, అక్కణ్నుంచి ఎప్పుడో చచ్చిపోయిన స్టోర్ కీపరు దగ్గరికి వెళ్లిపోయేవాడు. నేను ఓపిగ్గా వెనక్కి తెచ్చేవాణ్ని. ఒకరోజు ఆవిరి పైపు లైన్ల దగ్గర, ఒత్తిడి చూపించే గేజి కింద నిలబెట్టి చెప్పాడు.

"ఒకటో లైను మంచిది. రెండో లైను గేజిని నమ్మొద్దబ్బా. అది సున్నా సూపిస్తాది, లోపల ఆవిరి బుస్సుమంటా ఉంటాది. కింద సిన్న వాల్వు తిప్పి, సద్దు ఆగిపోయేదాకా నిలబడి, ఆ తర్వాత బోల్టు మీద సెయ్యి పెట్టాల."

"గేజి మార్పించకూడదా?" అన్నాను.

"మూడు తూర్లు మార్చినారు. పైపు వంపులో ఏమో ఉండాది. మార్చినోళ్లు పోయినారు, నేనుండా. రాసుకో."

రాసుకున్నాను. రెండో లైను పేజీలో నాలుగో మెట్టు అదే. ఎర్ర రంగు పెట్టాను.

పని ఎలా చేశానో చెబుతాను, ఎందుకంటే నేను అడ్డదిడ్డంగా చేశానని తర్వాత అన్నారు. మిషన్లకు ఒక పట్టిక. స్పేర్ పార్టులకు ఒకటి. రిపేర్లకు ఒకటి. మూడింటినీ కలిపాను. పల్పరు తెరిస్తే దానికి ఏ బేరింగు పడుతుందో, అది ఏ రాక్‌లో ఉందో, పోయినసారి ఎవరు మార్చారో అక్కడే కనిపించేది. లోపలివాళ్లు పల్పరును గుజ్జు మిషను అంటారు. ఏ పేరుతో వెతికినా దొరికేట్టు రెండు పేర్లూ పెట్టాను. ప్రతి పని పద్ధతికీ ఒక పేజీ, ప్రతి పేజీ కింద ఎవరు మార్చారో, ఏ తేదీన మార్చారో. ఆయుధపూజ రోజు బాయిలరుకు, లారీలకు, కాటాకు, ఆఫీసు ప్రింటరుకు కూడా బొట్టు పెట్టారు. ఈ యాప్ కోసం ఆఫీసులో ఇచ్చిన నా ట్యాబు బల్ల మీదే ఉంది. దాన్ని పక్కకు జరిపి అక్కడ బూడిద గుమ్మడికాయ పెట్టారు.

ఇక అసలు సంగతి. ఆ యాప్‌లో మా ఫ్యాక్టరీకి రెండే ఖాతాలు. ఒకటి మేనేజరుది, యజమాని ఖాతా. రెండోది నాది. మొదట్లో ఎవరికేం మార్చాలన్నా నాకు ఫోన్ చేసేవాళ్లు. అన్నం తినేటప్పుడు కూడా చేసేవాళ్లు. కొన్నాళ్లకు నా పాస్‌వర్డు ఒక చీటీ మీద రాసి ట్యాబు వెనక అతికించాను. అప్పట్నుంచి సూపర్‌వైజరు, స్టోరువాళ్లు, ల్యాబువాళ్లు, షిఫ్టు మనుషులు అందరూ నా పేరు మీదే రాసేవాళ్లు. ఏ పేజీ తెరిచినా కింద నా పేరే. అది నాకు ఇష్టంగానే ఉండేది. దాచడం ఎందుకు, అంత పని చేసినవాడి పేరు ఎక్కడో ఒకచోట కనబడుతోంది కదా అనుకునేవాణ్ని.

ముసలాయన వెళ్లాక సత్యవేడు వైపు నుంచి కొత్త ఫిట్టరు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. పనిలో దిగేముందు ఫోను తీసి పేజీ చదివేవాడు. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. అతను పట్టించుకునేవాడు కాదు, నన్ను మాత్రం వదిలేవాడు కాదు.

"ఏమప్పా, నీ యాప్‌లో టీ ఎట్ల పెట్టాలో రాసినావా?"

"లేదు."

"రాయప్పా. మన క్యాంటీనోనికి తెలీదు."

ఒకసారి కన్వేయరు పేజీలో ఒక కొలత తప్పు రాశాను. అతను కనిపెట్టి, నలుగురిలో అనకుండా నా బల్ల దగ్గరికి వచ్చి చెప్పాడు. ఆ ఫ్యాక్టరీలో నా రాతను ఒక వస్తువులాగా చేతిలో పట్టుకుని వాడినవాడు అతనొక్కడే.

సీజను ముందు విదేశీ కొనుగోలుదారుల ఆడిట్ వస్తోందని మేనేజరు పేజీలన్నీ ఒకే మూసలో ఉండాలన్నాడు. ప్రతి పద్ధతికీ ఇన్నే శీర్షికలు, ఇన్నే మెట్లు. ఒకటో లైను, రెండో లైను పేజీలు పక్కపక్కన పెట్టి చూపించాడు.

"రెండూ ఒకటే గదప్పా. దీంట్లో ఒక మెట్టు ఎందుకెక్కువ ఉండాది?"

"ఆ మెట్టు ఉండాల్సిందే సార్." గేజి సంగతి చెప్పాను.

"గేజి పని చేయదని మనమే రాసి ఆడిటోళ్లకి సూపిస్తామా?"

"అయితే గేజి బాగు చేయించండి. అప్పుడు తీసేస్తా."

"సరే, సూస్తాంలే," అన్నాడు. ఆ మాట తీసెయ్యమని కాదు, ఉంచమనీ కాదు.

మరుసటి రోజు నాకు సెలవు. శ్రీకాళహస్తిలో మా అక్క వాళ్లు పూజ చేయిస్తున్నారు. తెల్లవారే బస్సెక్కాను. ఆ రోజంతా ఇక్కడ సూపర్‌వైజరూ ఇంకో ఇద్దరూ ట్యాబు ముందు కూర్చుని పేజీలను మూసలోకి మార్చారు. నా పేరు మీదే. నేను మళ్లీ పనిలోకి వచ్చిన రోజున ఆడిట్‌కు ప్రింట్లు తియ్యమన్నారు. రోజూ ఉదయం మారిన పేజీలన్నీ ఒకసారి చూసుకునే అలవాటు నాది. ఆ రోజు చూడలేదు.

మరో రెండు రోజులకు రెండో లైను కారిందని ఫిట్టరును పిలిచారు. అతను ఫోను తీసి పేజీ చదివాడని పక్కనున్న హెల్పరు చెప్పాడు. మెయిన్ వాల్వు మూశాడు. గేజి సున్నా చూపించింది. బోల్టు విప్పాడు. నేను ఆఫీసులో ఉన్నాను, ఆ చప్పుడు వినిపించింది. ముందు లారీ టైరు పేలిందనుకున్నాను.

కుడిచెయ్యి, మెడ, దవడ. తిరుపతికి తీసుకెళ్లారు. అందరూ ఆంబులెన్సు వెనక పరిగెత్తినప్పుడు నేను ఆ పేజీ తెరిచాను. నాలుగో మెట్టు లేదు. మూడో మెట్టు తర్వాత ఐదో మెట్టు చక్కగా నాలుగో నంబరు వేసుకుని కూర్చుంది. కింద నా పేరు. నేను శ్రీకాళహస్తిలో ఉన్న రోజు తేదీ.

విచారణ మేనేజరు గదిలో జరిగింది. నాకు కుర్చీ వెయ్యలేదు. సూపర్‌వైజరును పిలిచి అడిగారు. ఆమె నిజమే చెప్పింది.

"మాకేం తెలుస్తాది సార్, అందరం అన్న పేరు మీదే గదా సేసేది. ఆ రోజు నేను యాభై పేజీలు మార్చినా. ఏది మార్చినానో ఇప్పుడడిగితే ఎట్ల?"

మేనేజరు ల్యాప్‌టాప్ తెరిచాడు. పేజీల పాత ప్రతులు అతని ఖాతాలోనే తెరుచుకుంటాయి.

"సూడప్పా, ఈడ నీ పేరుండాది. తేదీ ఉండాది."

"టైము కూడా ఉంటుంది సార్. పాత ప్రతి నొక్కండి. ఎన్ని గంటలకు మారిందో కనిపిస్తుంది."

నొక్కాడు. తెర అతని వైపే ఉంది. చదివాడు, నేను చూస్తూనే ఉన్నాను, కళ్లు ఒకచోట ఆగి మళ్లీ కదిలాయి. మూత మూసేశాడు.

"టైముతో ఏం పని? పేరు నీదా, కాదా?"

"నాదే. ఆ పేరు మీద ఏడెనిమిది మంది రాస్తారు సార్."

"ఆ చీటీ అంటించింది ఎవురు?"

"నేనే."

"మరి?" అన్నాడు. విచారణ అంతే. రిపోర్టులో 'పేజీ నిర్వాహకుని అజాగ్రత్త' అని ఉంది. ఈసారి ఆఫీసు సిబ్బంది అనలేదు, నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశారు.

టైముతో ఏం పనో నేను చెబుతాను. ఆ రోజు ఉదయం బస్సులో నేను యాప్ తెరిచాను. అలవాటు. స్టోరు పేజీలో ఏదో సరిదిద్దాను, అది గుర్తుంది. ఇంకే పేజీలు తెరిచానో గుర్తు లేదు. ఘాట్లో కాదు, మామూలు రోడ్డే, అయినా బస్సు కుదుపుతోంది. ఫోను తెర మీద వేలు కాస్త ఎక్కువసేపు ఆనితే ఒక వరుస మొత్తం ఎంపికవుతుంది, ఇంకోసారి తగిలితే పోతుంది. అంతకుముందు ఒకసారి అలాగే బేరింగుల జాబితా పోగొట్టుకుని మళ్లీ రాసుకున్నాను. గుడి దగ్గర తొమ్మిదికల్లా ఫోను కౌంటర్లో ఇచ్చేశాను, ఇక్కడ మా ఆఫీసు తెరిచేదే అప్పుడు. పూజ, దర్శనం అయి బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ తర్వాత అక్క వాళ్లింట్లో భోజనం, తిరుగు బస్సులో నిద్ర. కాబట్టి ఆ మెట్టు పోయింది ఉదయం ఎనిమిదికైతే తీసింది నా వేలే. పదకొండుకో, పన్నెండుకో, సాయంత్రమో అయితే నేను కాదు, ట్యాబు ముందు కూర్చున్న చేతులు.

పాత ప్రతులు ఆ యాప్‌లో నెల రోజులే ఉంటాయి. నేను మూడో రోజునే అడిగాను. పదో రోజున మళ్లీ అడిగాను. ఇరవయ్యో రోజున గది బయట నిలబడ్డాను, సార్ ఫోనులో ఉన్నారన్నారు. నెల దాటింది. ఇప్పుడు ఆ పాత ప్రతి తెరుచుకోదు. నా ఖాతా తీసేశారు. పేజీల కింద నా పేరు మాత్రం అలాగే ఉంది. నేను గేటు దగ్గర ట్రాక్టర్లకు టోకెన్లు రాసిస్తున్నాను.

ఆసుపత్రికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఫిట్టరు నిద్రలో ఉన్నాడు. అతని భార్య వరండాలో చాప మీద కూర్చునుంది. నన్ను ఎప్పుడూ చూడలేదు, పేరు చెబితే తెలుసంది.

"మా ఇంటాయన అంటా ఉంటాడన్నా. ఆడ నీ పేరుంటే ఇంక ఎవుర్నీ అడగబళ్లేదని."

ఆమె దెప్పుతున్నట్టు అనలేదు. పళ్ల సంచి ఇచ్చి వచ్చేశాను.

రెండోసారి వెళ్లినప్పుడు అతను కూర్చుని ఉన్నాడు. కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం లేదు, ముడుచుకుంటాయో లేదో డాక్టర్లు ఇప్పుడే చెప్పలేమన్నారు. నన్ను చూసి ఎడం చేత్తో స్టూలు నా వైపు జరిపాడు. తర్వాత అడిగాడు.

"ఆ మెట్టు ముందు ఉండిందంట గదా. ముసలాయన వచ్చి సెప్పినాడు. నువ్వు తీసినావా అప్పా?"

"తెలీదు," అన్నాను.

"తెలీదంటే ఎట్లప్పా. నా సెయ్యి గదా. తెలుసుకోని రా."

మళ్లీ వెళ్లలేదు. అతన్ని సత్యవేడుకు తీసుకెళ్లిపోయారని విన్నాను. ఇప్పటికీ వెళ్లలేదు. నేను కాదని చెప్పే హక్కు నాకు లేదు, నేనే అని చెప్పడానికి ఆధారమూ లేదు. చాలామంది వదిలెయ్యమన్నారు. ఉద్యోగం పోలేదు కదా అన్నారు. ఇదే మాట ఆ ఫిట్టరుతో అనగలరేమో అడగండి.

మేనేజరు గారూ, ఆ పాత ప్రతి మీరు తెరిచారు. ఎన్ని గంటలకు మారిందో చదివారు. చదవలేదని అనకండి, నేను మీ ఎదుట నిలబడే ఉన్నాను. నన్ను గేటు నుంచి లోపలికి పిలవమని అడగడం లేదు. ఆ రిపోర్టు మార్చమని కూడా ఈరోజు అడగడం లేదు. ఉదయమా, మధ్యాహ్నమా, సాయంత్రమా? ఎనిమిదైతే ఎనిమిదని చెప్పండి, ఆ మాట మోసుకుని నేనే సత్యవేడు పోతాను. పన్నెండైతే పన్నెండని చెప్పండి. మీకు గుర్తు లేకపోతే గుర్తు లేదని మీ సంతకంతో రాసివ్వండి, అదీ తీసుకెళ్లి చూపిస్తాను. ఏదో ఒకటి చెప్పండి. ఎన్ని గంటలు?