నేను క్షమించిన తప్పు

ఐదేళ్లుగా నా భార్య తను చేయని తప్పుకు కుమిలిపోతోంది. ఆ తప్పు నాది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను. నన్ను ఓదార్చకండి.

స్వరూప ఆశా కార్యకర్త. లాక్‌డౌన్‌లో పొద్దున్నే వంట చేసిపెట్టి, శ్రీరాంపూర్ దగ్గరి మా కాలనీలో ఇల్లిల్లూ తిరిగి ఎవరికి జ్వరముందో రాసుకొని, గోళీలిచ్చి, మిట్టమధ్యాహ్నం వచ్చేది. పెరట్లో స్నానం చేశాకే గడప దాటేది. నేను పనిచేసే బొగ్గుబాయి బంద్. ఇంట్లోనే ఉన్నాను. అయినా మా ఆరేళ్ల పాపకు ఒక్కనాడు జడ వేశానా? ఒక్క గిన్నె కడిగానా? పైగా అన్నం ఆలస్యమైతే, ఇల్లు పట్టని ఆ పనెందుకని సణిగేవాణ్ణి.

ఒకరోజు ఆమె అటు పోగానే, రేషన్‌కని చెప్పి పాపను పక్కింట్లో వదిలి, దోస్తులతో మామిడితోటలో దావత్‌కు పోయాను. యాటను కోశారు, కల్లు తాగాం. నాలుగు రోజులకు అందులో ఒకడికి కరోనా అని ఫోన్ వచ్చింది. మర్నాడు స్వరూప మామిడికాయ తొక్కు పెడుతుంటే నాకు ఎల్లిగడ్డ వాసన తెలియలేదు. అదేమిటో నాకు అర్థమైంది. అయినా నోరు మూసుకొని, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకొని అన్నం తినిపించాను. ఆ ఒక్కరోజే ఎందుకు తినిపించాను? నాకు రోగముందన్న అనుమానం స్వరూపకు రాకూడదని.

ముందు పాపకు జ్వరం, తర్వాత స్వరూపకు. వాడకట్టులో ఒకటే మాట: "గోళీలు ఊరంతా పంచింది, రోగం ఇంటికి తెచ్చుకున్నది." వాళ్ల మీద నాకు ఒళ్లు మండింది. ఎంత సిగ్గులేని మంట! వాళ్లకు తెలియదు. నాకు తెలుసు కదా?

పాప నిద్రపోయాక స్వరూప గోడకు ఆనుకొని అన్నది.

"పిల్లకు నేనే అంటిచ్చిన. నన్ను జర మాఫ్ చెయ్యి."

"అయిందేదో అయింది. గా పని ఇడిసిపెట్టు, చాలు" అన్నాను.

నా పాపానికి ఆమెను క్షమించాను. క్షమించి, తొమ్మిదేళ్లు చేసిన పనిని లాక్కున్నాను. లేచి తిరగ్గానే రిజిస్టర్లు అప్పగించి వచ్చింది. ఆమె చోట ఇంకొకరిని తీసుకున్నారు. భయపడి దాచానా? భయమైతే వారం, పది రోజులు. మిగతా ఐదేళ్లు వేళకు వేడన్నం తిన్నాను. దాన్ని భయమంటారా?

మొన్న స్వరూపకు మామూలు జలుబు చేసింది. మూతికి కొంగు కట్టుకొని, పాపను దగ్గరికి రానియ్యలేదు. చూడలేక ఇది రాస్తున్నాను. తెలిస్తే క్షమిస్తుందా అని అడుగుతోంది మనసు. ఎంతసేపూ నా గురించే.

రోగం తెచ్చింది నేను. స్వరూప కాదు. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ తేలిక కూడా నాకు దక్కాల్సింది కాదు.