జాలాడి పక్క తీగ

నా చిన్నప్పుడు నేను చేసిన ఘనకార్యాల్లో మా ఇంటిని ఒక తీగకు అప్పగించడం మొదటిది. గోరంట్లలో మా అత్తవాళ్ల గోడ మీద ఊదా పూలతో కళకళలాడుతుంటే జానెడు ముక్క తుంచుకొచ్చి, మా పెరట్లో అంట్లు తోమే జాలాడి పక్కన గుచ్చాను. వేరుశనగే చేతులెత్తేసే నేలలో ఇదేం బతుకుతుందిలే అనుకున్నారు అందరూ. అది బతకడం కాదు, కాపురమే పెట్టింది.

నెల తిరక్కుండా గోడెక్కింది. బట్టల దండెం పట్టుకుని అవతలి కొసకు నడిచింది. మా నాయన సైకిలు ఆనించి అన్నానికి కూర్చుంటే, చెయ్యి కడుక్కుని వచ్చేలోపు హ్యాండిలుకు చుట్టుకునేది. నిలబడి ఆలోచించే అలవాటున్నవాళ్లు మా పెరట్లోకి రావడం మానుకున్నారు. ఇంతవరకు నవ్వులాటే. ఆ తర్వాత అది మా తాత పోయే ముందు నాటిన నిమ్మచెట్టు మీదికి పాకి, ఒక్క ఆకు కనపడకుండా కప్పేసింది. మా జేజికి, అంటే నాయనమ్మకు, ఆ చెట్టంటే తాతే. అది పూత రాలుస్తుంటే ఆమె అన్నం సగంలో వదిలి లేచేది.

"ఏమప్పా, నీ చుట్టం నా చెట్టును మింగతాండాది. నువ్వే పిల్చుకొచ్చినావు, నువ్వే సాగనంపల్ల," అంది నాతో.

కొడవలితో కోశాను. వారానికి మళ్లీ వచ్చింది. నాయన పారతో నరికాడు. మళ్లీ వచ్చింది. విసిరేసిన ముక్కలు దిబ్బ మీద వేళ్లు పట్టి అక్కడొక శాఖ తెరిచాయి. అమ్మ నన్ను, నాయన అమ్మను, జేజి అందరినీ తిట్టేవాళ్లు. ఊళ్లో గరిక కూడా మాడిపోయిన ఆ ఎండల్లో దీనికి మాత్రం ఏ లోటూ లేదు.

ఒకరోజు పొద్దున జేజి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మాట్లాడాకు, ఊరికే సూడు," అంది. నాయన ముఖం కడుక్కుని, చెంబులో మిగిలిన నీళ్లు తీసుకెళ్లి తీగ మొదట్లో పోశాడు. అమ్మ బియ్యం కడిగిన నీళ్లు అక్కడే పోసింది. మాటలకొచ్చిన పక్కింటి అక్క చెయ్యి కడుక్కున్నది కూడా అక్కడే. మా సీమలో ఎంగిలి నీళ్లయినా వట్టి నేల మీద పారబోయడానికి మనసొప్పదు. పచ్చగా ఏది కనపడితే దాని వైపు చెయ్యి తనంతట తానే వంగుతుంది.

"ఏమిరా, రాత్రి నరికి పొద్దున పోస్తాండావే," అంది జేజి.

"నేనెప్పుడు పోసినా?" అన్నాడు నాయన, ఖాళీ చెంబు పట్టుకుని.

"నువ్వొక్కనివే కాదులే. నిన్న నేనూ పోసినా."

ఆ పూటే, నీళ్లన్నీ ఇక చెట్టుకే పోయేలా, జాలాడి బండను నిమ్మచెట్టు కిందికి దొర్లించారు. తీగ వేళ్లు తవ్వి, ఒక్కో ముక్కా పెళపెళలాడేదాకా ఎండలో ఆరబెట్టడం, కొత్త చిగురు కనపడితే అన్నానికి ముందే పీకడం నా వంతు. నా వేళ్లు తీగ కంటే పొడుగయ్యాయనిపించేంత పీకాను. రెండు నెలలకు నిమ్మచెట్టు ఒకే ఒక కొమ్మన పూత పెట్టింది. జేజి ఆ రోజు రెండోసారి అన్నం పెట్టించుకుంది.

ఇప్పటికీ ఏదైనా తలనొప్పి ఎంత కోసినా మళ్లీ చిగురిస్తుంటే, ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడే ముందు నా చేతి వంక చూసుకుంటాను. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆ చెయ్యే దానికి నీళ్లు పోస్తూ ఉంటుంది.