బెలూన్‌కి సూది బెజ్జం

మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నాకే నాకు రాయడం వచ్చింది. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళకు రాస్తున్నాను.

కువైట్‌లో, హవల్లీలో ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. ఆ దేశంలో మద్యం నేరం. మా యజమానిని బాబా అని, ఆయన భార్యని మామా అని పిలిచేవాళ్ళం. ఆయన మాల్ట్ డ్రింకులో పంచదార, ఈస్టు కలిపి ప్లాస్టిక్ డబ్బాలో పోసేవాడు. పులిసినప్పుడు పుట్టే గ్యాసు పోయేలా సూదితో పొడిచిన బెలూన్‌ని దాని మూతికి తొడిగి, నా మంచం కింద దాచేవాడు. కొన్నాళ్ళకు అది బీరయ్యేది.

ఒకరోజు మామా అన్నదమ్ములు భోజనానికి వచ్చారు. వాసన బయటికి రాకూడదని నేను బెలూన్ తీసేసి, ఊరగాయ సీసాకు పెట్టినట్టు మూత గట్టిగా బిగించాను. వాళ్ళు తింటుండగా డబ్బా ఢామ్మని పేలింది. నురగ హాల్లోకి పారింది.

బాబా అందరి ముందూ నా చెంప పగలగొట్టాడు. మా డ్రైవర్, రాయచోటి ఖాదర్ నా చెవిలో అన్నాడు: "నాదేనని చెప్పి కాళ్ళు పట్టుకో అక్కా, ఇడిసిపెడతాడు. లేదంటే పోలీసులకే ఇస్తాడు."

"నాదే బాబా" అని కాళ్ళు పట్టుకున్నాను.

"ఇలాంటి దొంగదాన్ని కూడా క్షమించావు. నీది ఎంత మంచి మనసు!" అన్నాడు మామా తమ్ముడు.

దెబ్బ మరిచిపోయాను గానీ ఆ మెచ్చుకోలు మరవలేదు.

మర్నాడు ఉదయం బాబా కొత్త డబ్బా తెచ్చి, "యల్లా", కానివ్వు అంటూ నా మంచం కిందికి తోశాడు. నేను సూది తీసుకుని బెలూన్‌కి బెజ్జం పెట్టాను.